మూడో నంబరు, ఆరో నంబరు

కుర్వినీ,
నవంబర్ 28

సొలాంజ్‌కు,

నీ పుట్టినరోజుకు రెండు ముక్కలు రాయలేదని నొచ్చుకొని ఉంటావు. ఇప్పుడు రాస్తున్నది కూడా నీ క్షేమం కనుక్కోవడానికి కాదు, నా అవసరం కోసం. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో మర్యాద కోసం అబద్ధాలాడే ఓపిక నాకు లేదు. ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. ఈ వ్యవహారంలో నాకు సాక్ష్యం కావాలి.

మొన్న శనివారం ఊరి హాల్లో ఏటా జరిగే రుచి పోటీ జరిగింది. ఏడు షాంపేన్ సీసాలు, తాగి తీర్పు చెప్పడానికి ఏడుగురం. సీసాలన్నిటికీ మెడదాకా ఊలు మేజోళ్ళు తొడిగి, మీద నంబర్లు కట్టారు. సూపర్‌మార్కెట్ అడుగు అరలో దొరికే పదిహేను యూరోల సరుకు నుంచి, పెట్టెలో పట్టుగుడ్డ పరిచి అమ్మే నూట అరవై యూరోల సరుకు దాకా ఉన్నాయి. ఏ మేజోడులో ఏముందో కొన్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కొన్నవాడు మన సహకార సంఘం అధ్యక్షుడు ఉబేర్ కొలినే. నాకు అరవై నిండిన రోజునే వైను పని మానిపించి, నన్ను సంఘం నేలమాళిగ నుంచి ఇంటికి పంపి, ఇరవై ఎనిమిదేళ్ళ చాకిరీకి ఒక బారోమీటర్ చేతిలో పెట్టినవాడు. అది ఈనాటికీ వాన కురిసిన తర్వాతే వాన అని చూపిస్తుంది.

నేను మూడో నంబరును ఆఖరున పెట్టాను, ఆరో నంబరును మొదట. నా చీటీలో ఏం రాశానో నీకు యథాతథంగా చెప్తాను, ఎందుకంటే అది పైకి చదివాను, అందరూ విన్నారు. మూడు: "తడిసిన అట్టముక్క, దాని మీద చక్కెర. దీన్ని చేసినవాడిని ద్రాక్షతోట గట్టు కూడా ఎక్కనివ్వకూడదు." ఆరు: "వేయించిన బాదం, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె, చివర్న సుద్దనేల చల్లదనం. దీన్ని చేసిన చేతికి నమస్కారం." మేజోళ్ళు తీశారు. మూడు పదిహేడు యూరోలది, ఆరు యాభై ఎనిమిది యూరోలది. చప్పట్లు కొట్టారు. ఖరీదైనది మంచిదని తేలితే జనానికి మహా సంతోషం. నూట అరవైది నాలుగో స్థానంలో ఉందని మాత్రం ఎవరూ పైకి అనలేదు. దాన్ని మేయరు కూతురి పెళ్ళిలో పోశారు మరి.

తర్వాత జరిగింది చూడు. కొలినే ఎప్పుడూ లేనిది తానే ఖాళీ సీసాలు పెట్టెలో సర్దుతున్నాడు, గబగబా. నేను చెయ్యి వేయబోతే, "వదిలెయ్ లెయోన్స్, ఖాళీ సీసాలు మోసే వయసా మనది?" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా వాడు నా వయసు గురించి బాధపడటం నేను చూడలేదు. వాడు అటు తిరగగానే మూడోదాన్నీ ఆరోదాన్నీ కోటు కింద పెట్టుకొని ఇంటికి తెచ్చాను.

రెండు సీసాల అడుగునా తెల్ల రంగు గీత ఉంది. నీకు చెప్పాలా? ఏళ్ళ తరబడి పేర్చి పడుకోబెట్టిన సీసాలను కదిలించాల్సి వస్తే, మళ్ళీ అదే పక్క కిందికి రావాలని, మడ్డి చెదరకూడదని అడుగున కుంచెతో ఒక గీత పెడతాం. ఏ చేతి గీత ఆ చేతిదే. ఈ రెండూ లావుగా మొదలై చివర్న కొడవలిలాగా వంగాయి. ఒకే చెయ్యి, అంటే ఒకే నేలమాళిగ, ఒకే వైను. పదిహేడుకూ అదే, యాభై ఎనిమిదికీ అదే.

లేబుల్ లేని సీసాలను వ్యాపారులకు అమ్మడం, వాళ్ళు తమ పేరు అంటించుకోవడం కొత్త కాదు. అందరూ చేస్తారు, ఎవరూ చెప్పరు. కాని కొలినే అంత కంగారుగా సర్దాడంటే ఆ సరుకు మన దగ్గరిదే, కుర్వినీ చుట్టుపక్కల అంత పాత సరుకు ఉన్నది సంఘం మాళిగలోనే. సభ్యులకు తెలియకుండా కొలినే దాన్ని అమ్ముకుంటున్నాడు. పైగా రెండూ పోటీలో పెట్టి నా నాలుకను ఊరి ముందు నవ్వులపాలు చేయాలని చూశాడు. జనవరి ఇరవై రెండున, ద్రాక్ష రైతుల సెయింట్ విన్సెంట్ పండుగనాడు అధ్యక్ష ఎన్నిక ఉంది. దానికి ముందు వచ్చే సంఘ పత్రికలో రుచి పోటీ పేజీ ఎప్పటిలాగే నాది. ఈసారి అందులో వాడి బండారం రాస్తాను. వాడు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోకూడదు.

నువ్వు రాన్స్‌లో ఆ రెండు సీసాలూ కొని, అడుగులు చూసి, నీ పేకాట స్నేహితురాళ్ళతో మేజోళ్ళు తొడిగి తాగించి, కనిపించినదంతా రాసి సంతకం పెట్టి పంపు. నీ నాలుక మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నీ నిజాయితీ మీద ఉంది.

లెయోన్స్ తావో


రాన్స్,
డిసెంబర్ 5

బావగారికి,

పుట్టినరోజు శుభాకాంక్షలు ఇంత వివరంగా ఎవరూ పంపలేదు. సంతోషం.

మీరు చెప్పినట్టే రెండూ కొన్నాను. ఊలు మేజోళ్ళు లేవు, మీ తమ్ముడు ఎద్మేవి పాత నూలువి ఉంటే తొడిగాను. నలుగురం తాగాం. పెర్ద్రిజే గారు గులాబీ బిస్కెట్ ముంచుకోకుండా గ్లాసు ముట్టరు, కాబట్టి ఆవిడ తీర్పు సగం బిస్కెట్ తీర్పే. ఆవిడకు మూడో నంబరు నచ్చింది. ఆరోది నోటరీ ఆఫీసులో వెయిటింగు గదిలాగా వాసన కొడుతోందన్నారు. మూడోదాంట్లో బుడగలు ఎక్కువ ఉన్నాయని ఇంకొకావిడ అంటే, అది వైను గొప్ప కాదు, తుడిచిన గుడ్డ పీచు గ్లాసులో ఉండిపోయి బుడగలు పుట్టిస్తోందని నేను చెప్పాల్సి వచ్చింది. నాలుగో ఆవిడ రెండూ ఒకటే కదా అని, నవ్వుతారేమోనని వెంటనే మాట మార్చుకుంది.

సీసా అడుగులు చూశాను. గీతలు ఉన్నాయి. గీతలన్నీ గీతల్లాగే ఉంటాయి.

ఒక్క మాట. కొలినే గారి గురించి రాయకండి. ఆయన భార్య పోయి ఏడాదిన్నర కాలేదు. ఆ కుర్చీ కూడా పోతే ఆయనకు పొద్దున లేచి వెళ్ళడానికి చోటుండదు. పదవి మీద మీకు ఇప్పుడేమీ ఆశ లేదు కదా.

దగ్గు తగ్గింది, మీరు అడగకపోయినా.

సొలాంజ్


కుర్వినీ,
డిసెంబర్ 14

సొలాంజ్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెర్ద్రిజే గారి బిస్కెట్ గురించి అన్ని వాక్యాలు, గీతల గురించి ఒక్కటిన్నర. పాతికేళ్ళు మొగుడు గీతలు గీస్తుంటే పక్కన దీపం పట్టుకున్నదానివి, గీతలన్నీ గీతల్లాగే ఉంటాయని నాకు రాస్తావా? రాసి పంపమన్న సాక్ష్యం పంపలేదు. సంతకం పెట్టావు కాని సంతకం పైన ఏమీ లేదు.

పైగా కొలినే గురించి అంత జాలి. ఎద్మే బతికి ఉన్నప్పుడు వాడిని నువ్వు ఏమని పిలిచేదానివో గుర్తుంది, ఉత్తరంలో రాయదగ్గ మాట కాదు. రొట్టెల దుకాణం ఆవిడ చెప్పింది, అక్టోబరులో నువ్వూ వాడూ రాన్స్‌లో కెథీడ్రల్ ఎదురుగా కూర్చొని కాఫీ తాగారట. గంటన్నరట. ఆవిడ గడియారం చూసిందట. ఆవిడ మాట సగం కొట్టేసినా నలభై ఐదు నిమిషాలు మిగులుతాయి.

వాడి దగ్గరకు వెళ్ళాను. వాడు ఇంటి ముందు తీగలు కత్తిరిస్తున్నాడు, కత్తెర కింద పెట్టలేదు. సీసాల సంగతి అడిగాను. సంఘం మాళిగ నుంచి ఒక్క సీసా బయటికి పోలేదని, కావాలంటే రిజిస్టర్లు చూసుకోమని అన్నాడు. రిజిస్టర్లు రాసేది ఎవరు, వాడే కదా. పత్రికలో రాస్తానని చెప్పాను.

"రాసుకో. కాని కాస్త ఆగి రాయి," అన్నాడు.

"ఎందుకు ఆగాలి?"

"నీ మంచికే చెప్తున్నాను లెయోన్స్."

ముప్ఫై ఏళ్ళుగా నా మంచికి వాడు చేసినవి వేళ్ళ మీద లెక్కపెట్టాను. బారోమీటరు ఒక్కటే తేలింది. ఇది బెదిరింపు. నా వ్యాసం సిద్ధంగా ఉంది. మొదటి వాక్యం ఇది: "మన సంఘంలో దొంగతనానికి తాళం అక్కరలేదు, అధ్యక్షుడైతే చాలు." నాకు నచ్చింది.

కాఫీ సంగతి ఏమిటి?

లెయోన్స్


రాన్స్,
డిసెంబర్ 19

బావగారికి,

కాఫీ తాగాను. ఆపిల్ కేకు కూడా తిన్నాను. ఆయన డబ్బు ఇవ్వబోతే నేనే ఇచ్చాను. రసీదు ఉంది, పంపించమంటారా? డెబ్బై ఒక్కేళ్ళ విధవ కాఫీ తాగితే గడియారం చూసేవాళ్ళు ఉన్నారనే ఆ ఊరు వదిలి నాలుగో అంతస్తులోకి వచ్చాను.

మీరు ఎద్మేను ఇలాగే చూశారు. సంఘానికి ద్రాక్ష ఇవ్వడం మానేసి, సొంతంగా వైను చేసుకుంటానని వాడు అన్న రోజు, నా పనికి వంక పెట్టడానికే చేస్తున్నావు అన్నారు. వాడు మీ గురించి ఆలోచించనే లేదు. వాడికి తన తోట రుచి తన గ్లాసులో చూసుకోవాలని ఉండేది, అంతే. మీరు మాత్రం బార్‌లో నిలబడి, "మా తమ్ముడు బుడగల వెనిగర్ చేస్తాడు," అన్నారు. అది వాడి చెవిన పడటానికి సాయంత్రం కూడా పట్టలేదు.

ఇప్పుడు కొలినే గారి వంతు. ఆయన అమ్మలేదు. నాకు తెలుసు. దయచేసి రాయకండి.

సొలాంజ్


కుర్వినీ,
డిసెంబర్ 27

సొలాంజ్‌కు,

"నాకు తెలుసు." ఎలా తెలుసు? నిన్ను నేను ఎరుగుదును. తెలియని విషయాన్ని తెలుసని అనవు. తెలిసిన విషయాన్ని తెలియదని మాత్రం అనగలవు.

ఎద్మే గురించి రాసిన నాలుగు ముక్కలూ చదివాను. నొప్పి పుట్టించాలని రాశావు. పుట్టింది. కాని అది మనం మాట్లాడుతున్న విషయం కాదు. దారి మళ్ళించడానికి చనిపోయినవాడిని తేవడం పాత పద్ధతి.

జనవరి పదో తేదీన వ్యాసం ముద్రణకు వెళ్తుంది. అమ్మింది కొలినే కాదంటే ఎవరో చెప్పు. చెప్పకపోతే వాడితోపాటు ఈ సంగతి తెలిసి దాచినవాళ్ళు ఇంకొకరున్నారని కూడా రాస్తాను. పేరు రాయను. ఊరికి అక్కరలేదు, ఊహించుకుంటుంది.

లెయోన్స్


రాన్స్,
జనవరి 2

బావగారికి,

అమ్మింది నేను.

మా మాళిగలో మిగిలిన ఆఖరి దొంతర, మూడు వేల సీసాలు. ఎద్మే పోయిన మరుసటి వసంతంలో. మీరు పట్టుకున్నది వాడి గీత. కొడవలిలాగా వంగడం ఎందుకంటే వాడి మణికట్టు ఎప్పుడో పీపా కింద పడి సరిగా అతకలేదు. మీకు తెలియకపోవడంలో వింత లేదు, మీరు తొంభై నాలుగు నుంచి ఆ మెట్లు దిగలేదు.

ఎందుకు అమ్మానంటే, ముప్ఫై ఒక్క మెట్లు దిగి రోజూ ఆ సీసాల మధ్య నిలబడటం నా వల్ల కాలేదు. వాటి మీద వాడి పేరు అంటించి అంగట్లో పెట్టడం అంతకంటే వల్ల కాలేదు. అంత్యక్రియలనాడు స్మశానం గేటు దగ్గర మీరు మేయరుతో అన్న మాట నేను విన్నాను. "వాడి వైను వాడితోనే పోయింది, మంచిదే." ఆ మాట తర్వాత ఆ పేరు మీ ఊళ్ళో మళ్ళీ ఒక సీసా మీద కనపడకూడదని అనుకున్నాను. ఎవరిదో తెలియకుండా తాగనీ, నచ్చితే నచ్చుతుంది అనుకున్నాను. ఊళ్ళో తెలిస్తే తావో వాళ్ళ కోడలు మొగుడి కష్టాన్ని పేరు లేకుండా అమ్ముకుందని అంటారు. మీరు అందరికంటే ముందు అంటారు. అందుకే దాచాను.

కొన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు రెండు నెలల్లో మడ్డి తీసి, చక్కెర పాకం దండిగా పోసి సూపర్‌మార్కెట్‌కు తోలారు. మూడేళ్ళు ఆ అరల్లో లైట్ల కింద నిలబడి ఉంది. ఇంకొకరు ఇంకో రెండేళ్ళు చీకట్లో పడుకోబెట్టి, పాకం చుక్క మాత్రం పోశారు. వైను ఒకటే, ఆఖరున పడిన చేతులు వేరు. మీ నాలుక తప్పు చెప్పలేదు.

కొలినే గారికి సంగతి తెలుసు. కొనేవాళ్ళను చూపించింది ఆయనే. కాని పోటీకి సీసాలు కొన్నప్పుడు ఏ లేబుల్ కింద మా వైను ఉందో ఆయనకూ తెలియదు. మేజోళ్ళు తీసి పక్కన పెడుతుంటే అడుగులు కనిపించాయట. మీరు చూడకముందే తీసుకుపోదామని చూశారు. ఒకే వైనును మీరు మొదటా ఆఖరునా పెట్టిన చీటీ అప్పటికే అందరూ విన్నారు కదా, మీ పరువు కోసం. కాఫీ సంగతి మాత్రం కాఫీయే. ఆయనకు ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు.

ఇప్పుడు మీ ఇష్టం. రాస్తే నా గురించి రాయండి, ఆయన గురించి కాదు.

సొలాంజ్


కుర్వినీ,
జనవరి 8

సొలాంజ్‌కు,

మూడు రోజులుగా ఆ రెండు సీసాలూ బల్ల మీద బోర్లించి పెట్టుకొని కూర్చున్నాను. తమ్ముడి గీత అన్నకు తెలియలేదు. వాడి మణికట్టు విరిగిన రోజు బండి కట్టి ఎపెర్నె ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. అయినా తెలియలేదు.

వ్యాసం పొయ్యిలో వేశాను. మొదటి వాక్యం మీద మాత్రం కాస్త బాధపడ్డాను. అలాంటిది మళ్ళీ కుదరదు.

కొలినే ఇంటికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి కాదు, అడగడానికి. నవంబరులోనే నిజం చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదా అన్నాను.

"సొలాంజ్ చెప్పొద్దంది. ఆవిడ రహస్యం, నాది కాదు," అన్నాడు.

"నేను నిన్ను దొంగ అని రాయబోయాను."

"తెలుసు. రాసినా ఊరుకునేవాణ్ణి. నువ్వు రాసినవి నమ్మేవాళ్ళు ఎంతమంది ఉన్నారులే."

వాడి మీద నాకున్న అభిప్రాయం ఏమీ మారలేదు. కాని ఆ మాట బాగుంది.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. స్మశానం గేటు దగ్గర అన్న మాట అన్నాను, నిజమే. వాడి వైను నేను ఒక్కసారి కూడా తాగలేదు. తాగకుండానే ఇరవై ఐదేళ్ళు తిట్టాను. బాగుంటుందేమోనని భయం. నవంబరులో మొదటిసారి తాగాను, మేజోడులోంచి. దాన్ని చేసిన చేతికి నమస్కారం అని నా చేత్తో రాసి, నా నోటితో చదివాను. ఊరంతా విన్నది. వాడు వినలేదు. అయినా నమస్కారం నమస్కారమే.

పత్రికవాళ్ళను అడిగి నా పేజీని పద్దెనిమిదో తేదీ దాకా ఆపించాను. అసలు సంగతి రాయాలని ఉంది. ఆ రెండూ ఒకటేనని, ఆ వైను ఎద్మే తావో చేసిందని, తీర్పు చెప్పింది వాడి అన్న అని. నువ్వు అమ్మడంలో సిగ్గుపడాల్సింది లేదని కూడా రాస్తాను. ఊళ్ళో సగంమంది అమ్మారు, ఎవరెవరో నాకు తెలుసు. నోరెత్తితే వాళ్ళ పేర్లూ రాస్తాను. నీ అనుమతి కావాలి.

ఇంకేమైనా దాచావా? అలవాటు కొద్దీ అడుగుతున్నాను.

లెయోన్స్


రాన్స్,
జనవరి 12

బావగారికి,

దాచాను.

మీ ఉత్తరం ఎదురుగా పెట్టుకొని రెండు రోజులు ఆలోచించాను. అలాగే వదిలేస్తే అన్నదమ్ముల మధ్య ఆ నమస్కారం అలా ఉండిపోతుంది, బాగానే ఉంటుంది. కాని మీరు దాన్ని అచ్చు వేయబోతున్నారు. అబద్ధం అచ్చులో పడితే నా కళ్ళ ముందు ఎప్పటికీ ఉంటుంది.

ఆ దొంతర రెండు వేల పదహారు కోతది. ఆ చలికాలం ఎద్మేకు వచ్చిన జ్వరం మీకు గుర్తుండదు, మీరు చూడటానికి రాలేదు. జ్వరం తగ్గింది కాని వాసన పోయింది. కాఫీకీ కిరసనాయిలుకూ తేడా తెలిసేది కాదు. వసంతంలో, సీసాల్లో నింపేముందు తొట్ల వైనులు రుచి చూసి కలపాల్సిన సమయం వచ్చింది. పదకొండు తొట్లు. వాడు గ్లాసు పట్టుకొని నావైపు చూసి, "నువ్వు చెప్పు," అన్నాడు. ఏ తొట్టిది ఎంత పోయాలో నేను చెప్పాను, వాడు పోశాడు. ఆరు వారాలు. కింది తోట వైను పూర్తిగా వదిలేద్దామన్నాను. వాడు వద్దన్నాడు, నేను పట్టుబట్టాను. సీసాలు పేర్చింది వాడు, గీతలు గీసింది వాడు. లోపల ఉన్నది నాది.

మీకు చెప్పొద్దని వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. "అన్నయ్యకు తెలిస్తే ఊరంతా నవ్విస్తాడు," అన్నాడు. పోయేదాకా వాసన తిరిగి రాలేదు.

వాడు వినాలని మీరు కోరుకున్న మాట వాడిది కాకుండా పోయినందుకు నాకు బాధగానే ఉంది. వాడు చేసినవి మంచివి ఉన్నాయి, మీరు తాగలేదు. అన్నీ అయిపోయాయి. అది మీరు మోయాల్సిందే, నేను తగ్గించలేను.

రాయడం మానుకున్నా నాకు సమ్మతమే. రాస్తే మాత్రం సరైన పేరు రాయండి.

సొలాంజ్


కుర్వినీ,
జనవరి 23

సొలాంజ్‌కు,

నిన్న సెయింట్ విన్సెంట్ ఊరేగింపు అయింది. పత్రిక దీనితో పంపుతున్నాను. పదకొండో పేజీ.

జనం చర్చి మెట్ల మీదే చదివారు. మేయరు నా దగ్గరకు వచ్చి, ఇది మీ కుటుంబ విషయం కదా, అచ్చు వేయాల్సిందా అన్నాడు. నీ కూతురి పెళ్ళిలో పోసినది నాలుగో స్థానంలో వచ్చింది, అది కూడా అచ్చులోనే ఉంది చూడు అన్నాను. రొట్టెల దుకాణం ఆవిడ నీ పేరును వేలుతో చూపిస్తూ ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించింది. ఏ స్వరంతో చదివిందో నేను చెప్పను, నువ్వు వచ్చి వినాలి. కొలినే మళ్ళీ గెలిచాడు. నేను ఓటు వేయలేదు వాడికి.

తీర్పు చెప్పేవాళ్ళలో నా కుర్చీ వదిలేశాను. సొంత తమ్ముడి వైను పాతికేళ్ళు తాగకుండా తీర్పు చెప్పినవాడికి అక్కడ పని లేదు. ఆ కుర్చీ నీకివ్వమని కొలినేతో చెప్పాను. నిన్ను అడుగుతాడు.

పెర్ద్రిజే గారు చదివి ఏమన్నా, నువ్వు మాత్రం ఒకటి గమనించు. ఆరో నంబరు గురించి నవంబరులో అన్న మాటల్లో ఒక్క అక్షరం మార్చలేదు. మూడో నంబరు గురించి అన్నవాటిలోనూ మార్చలేదు, తోట గట్టు సంగతితో సహా. ఆ పాకం పోసింది కొన్నవాళ్ళే కావచ్చు, లైట్ల కింద నిలబెట్టింది ఇంకొకరే కావచ్చు. అమ్మింది నువ్వు.

రెండు తీర్పుల కిందా నీ పేరే వేయించాను.

లెయోన్స్